సీలు, గడియారం, డీజిల్ చీటీ

పన్నెండేళ్ల కిందట ఒక హత్య కేసులో ముద్దాయి తరఫున వాదించి అతన్ని విడుదల చేయించాను. పంచనామాలో కత్తిని గుడ్డ సంచిలో పెట్టి, మూతి కట్టి, ఇన్‌స్పెక్టరు పొడి అక్షరాలతో లక్క సీలు వేశామని రాశారు. లాబ్ నుంచి వచ్చిన రిపోర్టులో మాత్రం తమకు అందినది కాగితపు పొట్లమనీ, దాని మీది సీలు చెదిరి ఉందనీ ఒకే ఒక్క వాక్యం ఉంది. స్వాధీనం చేసుకున్న రోజుకూ లాబ్‌కు చేరిన రోజుకూ మధ్య ఇరవై ఆరు రోజుల పాటు ఆ కత్తి ఎవరి దగ్గర ఉందో చెప్పవలసిన రిజిస్టరు కోర్టు గడప తొక్కలేదు. దర్యాప్తు అధికారిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను అడిగినవి పది ప్రశ్నలకు మించవు. తీర్పు చెప్పిన రోజు, చనిపోయిన కుర్రవాడి తల్లి వరండాలో నాకు ఎదురై, తిట్టలేదు, ఏడవలేదు, "గా కత్తి గదే గద, వకీలమ్మా?" అని మాత్రం అడిగింది. నేను సమాధానం చెప్పకుండా మెట్లు దిగి వచ్చేశాను.

ఈ సంగతి ఇప్పుడు గుర్తు రావడానికి కారణం నా జూనియర్. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నాంపల్లి కోర్టుల దగ్గర క్యాంటీన్‌లో కూర్చుని ఉండగా ఆ అమ్మాయి తన ఫోనులో ఒక యుద్ధ దృశ్యం చూపించి, "మేడమ్, ఇది కోట్ల మంది చూశారు కదా, ఇంకా దర్యాప్తు చేయడానికి ఏముంది, శిక్ష వేయడానికి ఇన్నేళ్లు ఎందుకు?" అని అడిగింది. అది ఏ దేశానిదో ఇక్కడ రాయను. రాసిన మరుక్షణం చదివేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం గాలికి పోతుంది. భోజన విరామం అరగంటలో చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. ప్రాసిక్యూషన్ కట్టిన గోడలో కన్నం ఎక్కడుందో వెతకడమే ఇరవై మూడేళ్లుగా నా బతుకుతెరువు కాబట్టి, ఈ విషయాన్ని నేను అటువైపు నుంచే చూస్తాను.

యుద్ధంలో మనిషిని చంపడం దానంతట అదే నేరం కాదు. ఆయుధం పట్టి ఎదురు నిలిచిన సైనికుణ్ణి చంపితే చట్టం ఏమీ అనదు. అదే సైనికుడు ఆయుధం కింద పెట్టి చేతులెత్తిన తరువాత చంపితే, గాయపడి పడి ఉన్నప్పుడు చంపితే, ఏ ఆయుధమూ లేని ఊరి జనాన్ని గురి చూసి చంపితే, అది 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల ప్రకారం నేరం. అందువల్ల శవం దొరికినంత మాత్రాన యుద్ధ నేరం రుజువు కాదు. అతను చనిపోయినప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో రుజువు కావాలి. ఆ స్థితి తేలినా, తుపాకీ పేల్చిన చేయి ఎవరిదో తేలాలి. అది తేలినా, అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో బల్ల ముందు కూర్చుని ఏ కాగితం మీదా "చంపండి" అని రాయని పెద్ద అధికారికీ ఆ చేతికీ మధ్య ఉన్న దారం దొరకాలి. మొదటి రెండూ వీడియోలో కనిపించవచ్చు. మూడోది దాదాపు ఎప్పుడూ కనిపించదు, కేసంతా ఆ మూడోదాని మీదే నడుస్తుంది.

ఆ దారాన్ని పోగు పోగుగా ఎలా పేనారో తెలుసుకోవాలంటే స్రెబ్రెనిత్సా కేసు చదవాలి. 1995 జూలైలో తూర్పు బోస్నియాలోని ఆ పట్టణాన్ని బోస్నియా సెర్బు సైన్యం పట్టుకున్న తరువాత కొద్ది రోజుల్లోనే దాదాపు 8,000 మంది ముస్లిం పురుషులను, మగపిల్లలను చంపి గోతుల్లో పూడ్చారు. మాజీ యుగోస్లావియా కోసం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1993లో ఏర్పాటు చేసిన న్యాయస్థానం తరఫున దర్యాప్తు అధికారులు అక్కడికి వెళ్లేసరికి చంపినవాళ్ల వాదన సిద్ధంగా ఉంది: వీళ్లు అడవుల గుండా పారిపోతూ మాతో పోరాడి చనిపోయిన సైనికులు, యుద్ధంలో ఇది మామూలే. నేను ముద్దాయి వకీలునైతే నేనూ ఆ మాటే అనేదాన్ని.

దానికి జవాబు గోతుల్లో దొరికింది. చాలా శవాల కళ్లకు గుడ్డలు కట్టి ఉన్నాయి, చేతులు వెనక్కి విరిచి తాడుతోనో తీగతోనో కట్టి ఉన్నాయి. కళ్లకు గంతలు కట్టుకుని ఎవరూ యుద్ధం చేయరు. ఇక చనిపోయినది ఎప్పుడన్న ప్రశ్నకు గడియారాలు సాక్ష్యం చెప్పాయి. కొందరి చేతులకు సీకో కంపెనీవి, తాళం ఇవ్వనక్కర లేకుండా చేతి కదలికతోనే నడిచే గడియారాలు ఉన్నాయి. అలాంటి గడియారం చేయి కదలడం ఆగాక ఒకటి రెండు రోజులు నడిచి ఆగిపోతుంది. ఆగిన చోట వారమూ తేదీ నిలిచిపోతాయి. ఆ తేదీలు జూలై నడిమి రోజులతో సరిపోయాయి. ఈ భాగం చదివిన రాత్రి నేను పుస్తకం మూసి మా నాన్నగారి పాత హెచ్.ఎం.టి. గడియారాన్ని బీరువాలోంచి తీసి చూశాను. అది తాళం ఇచ్చే రకం, అందులో తేదీ లేదు. ఎందుకు చూశానో నాకే తెలియదు.

అంతటితో అయిపోలేదు. చంపినవాళ్లకు కొద్ది వారాల్లోనే భయం పట్టుకుంది. ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో కొత్తగా తవ్విన నేల కనిపిస్తోందని 1995 ఆగస్టులో అమెరికా భద్రతా మండలికి చూపించింది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాత్రిపూట జేసీబీల వంటి యంత్రాలు తెచ్చి, మొదటి గోతుల్ని తవ్వి, శవాలను లారీల్లో దూరంగా తరలించి మారుమూల గోతుల్లో మళ్లీ పూడ్చారు. యంత్రం పళ్లకు చిక్కి శరీరాలు తెగిపోయాయి. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు చోట్ల దొరికిన సందర్భాలు ఉన్నాయి. సాక్ష్యాన్ని చెరపడానికి చేసిన ఆ పనే మరింత సాక్ష్యాన్ని పుట్టించింది. కోజ్లుక్ అనే చోట హత్యాకాండ జరిగింది ఒక సీసాల కర్మాగారం పారేసిన గాజు పెంకుల మధ్య. అక్కడి నుంచి చాలా దూరాన, చాన్చారి దారి పక్కన దొరికిన రెండో గోతిలో శవాలతో పాటు అవే ఆకుపచ్చ గాజు పెంకులు, అవే సీసాల చీటీలు బయటపడ్డాయి. మట్టిని, తూటాల ఖాళీ గొట్టాలను, గంతలు కట్టిన గుడ్డ నేతను కూడా అలాగే పోల్చి ఏ గోతిలోని శవాలు ఏ గోతికి వెళ్లాయో తేల్చారు.

ఆ యంత్రాలకు నూనె కావాలి. సైన్యంలో లెక్క లేకుండా చుక్క డీజిల్ కూడా బయటికి రాదు. ఆ సెర్బు సైన్యానికే చెందిన జ్వోర్నిక్ బ్రిగేడ్ ఇంజనీరింగ్ విభాగం రోజువారీ పుస్తకాల్లో ఏ రోజు ఏ యంత్రం ఏ ఊళ్లో గొయ్యి తవ్వడానికి వెళ్లిందో రాసి ఉంది. అదే సెప్టెంబరులో "ఇంజనీరింగ్ పనుల" కోసం అయిదు టన్నుల డీజిల్ విడుదల చేయమని సైన్యం ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఆదేశం ఉంది. పాపం ఆ గుమాస్తా ఏ దురుద్దేశమూ లేకుండా లెక్క రాసి ఉంటాడు. మన దగ్గర కూడా స్టేషన్ జీపు లాగ్‌బుక్ తెప్పించండి అని పిటిషన్ వేసినప్పుడు దర్యాప్తు అధికారికి చెమటలు పట్టడం నేను చూశాను. అబద్ధం చెప్పదలచుకున్నవాడు స్టేట్‌మెంటు మారుస్తాడు గానీ డీజిల్ లెక్క మార్చాలన్న ఆలోచన అతనికి రాదు.

శత్రుపక్షం ఫోన్లు విన్నవాళ్ల నోటు పుస్తకాలూ అంతే. బోస్నియా సైన్యానికి చెందిన ఆపరేటర్లు కొండల మీద కూర్చుని సెర్బు అధికారుల సంభాషణలు విని చేత్తో రాసుకునేవారు. 1995 జూలై 15న బెయారా అనే కల్నల్, క్రిస్తిచ్ అనే జనరల్‌తో మాట్లాడుతూ తన దగ్గర ఇంకా 3,500 "పార్సెళ్లు" పంచవలసినవి ఉన్నాయనీ, ఏం చేయాలో పాలుపోవడం లేదనీ అన్నట్టు అందులో ఉంది. పార్సెళ్లంటే బందీలని కోర్టు అర్థం చేసుకుంది. కానీ ఒక ఆపరేటరు వినికిడిని నమ్మి జనరల్‌ను జైలుకు పంపలేరు. అందుకే ఆ నోటు పుస్తకాల్లోని తేదీలను, పేర్లను, వాహనాల రాకపోకలను పట్టుబడిన సైనిక రికార్డులతోనూ ఆకాశం నుంచి తీసిన ఫోటోలతోనూ గీత గీతకూ సరిచూశారు. చంపినవాళ్లలో ఒకడైన ద్రాజెన్ ఎర్దెమోవిచ్ తానే బయటికి వచ్చి బ్రాన్యెవో అనే వ్యవసాయ క్షేత్రంలో జూలై 16న బస్సుల్లో తెచ్చిన దాదాపు 1,200 మందిని కాల్చామని చెప్పాడు. ఆ మాట విన్నాకే అక్కడ తవ్వి చూసి, అతను చెప్పినది అబద్ధం కాదని గోతి చేత చెప్పించారు. అతనికి చివరికి పడిన శిక్ష అయిదేళ్లు. నేరంలో పాలుపంచుకున్నవాణ్ణే ప్రభుత్వ సాక్షిగా మార్చే మన అప్రూవరు పద్ధతి మీద ఎన్ని అభ్యంతరాలు ఉన్నాయో దాని మీదా అన్నీ ఉన్నాయి.

ఇంత దారం పేనినా క్రిస్తిచ్ విషయంలో ఏమైందో చూడండి. 2001లో అతను జాతి నిర్మూలన నేరం చేశాడని 46 ఏళ్ల శిక్ష వేశారు. అప్పీలులో, 2004లో, చంపాలన్న సంకల్పం అతనికి ఉందని రుజువు కాలేదనీ, జరుగుతున్నది తెలిసి తన మనుషులను, సామగ్రిని వాడుకోనిచ్చాడనీ తేల్చి, నేరానికి తోడ్పడిన వాడిగా మార్చి 35 ఏళ్లకు తగ్గించారు. "తెలుసు", "కోరాడు" అనే ఈ రెండు మాటల మధ్య పదకొండేళ్లున్నాయి. బయటివాళ్లకు ఇది వెంట్రుకను చీల్చడంలా కనిపిస్తుంది. నాకు మాత్రం, ఎనిమిది వేల శవాల బరువు మీద పడుతున్నా ఆ తేడా దగ్గర ఆగి ఆలోచించగలిగిన కోర్టు మీదే నమ్మకం కలుగుతుంది.

డి.ఎన్.ఎ. గురించి ఒక్క మాట. ముక్కలైన ఎముకలను పేరు గల మనుషులుగా మార్చింది అదే. బతికి ఉన్న బంధువుల నెత్తురు చుక్కలతో పోల్చి ఏడు వేల మందికి దగ్గరగా గుర్తించారు. డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్‌ను మన కోర్టులకు పరిచయం చేసిన లాల్జీ సింగ్ గారు పనిచేసిన ఊరు మనది కాబట్టి, ఇక్కడి వకీళ్లకు ఆ రిపోర్టు చూస్తే భయభక్తులు కాస్త ఎక్కువే. అయినా డి.ఎన్.ఎ. చెప్పేది ఈ ఎముక ఎవరిదన్నదే. చంపినది ఎవరన్నది కాదు.

కాగితాలు రాసి పెట్టుకునే అలవాటు హంతకులకు ఎందుకుంటుందన్నది నాకు ఎప్పుడూ అంతుపట్టని విషయం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత బెన్యమిన్ ఫెరెంజ్ అనే 27 ఏళ్ల అమెరికన్ వకీలు బృందానికి బెర్లిన్‌లో కొన్ని రహస్య నివేదికలు దొరికాయి. తూర్పు యూరప్ ఊళ్లలో తిరుగుతూ యూదులను చంపిన నాజీ దళాలు ఏ తేదీన ఏ ఊళ్లో ఎంతమందిని చంపిందీ పైవాళ్లకు పంపిన నివేదికలవి. ఫెరెంజ్ చిన్న లెక్కల యంత్రం మీద ఆ అంకెలు కూడుతూ పోయి, మొత్తం పది లక్షలు దాటగానే ఆపేశాడు. నూరెంబర్గ్‌లో 1947లో మొదలైన ఆ కేసులో ప్రాసిక్యూషన్ తన సాక్ష్యాన్ని రెండు రోజుల్లో ముగించింది. ఒక్క ప్రత్యక్ష సాక్షిని కూడా పిలవలేదు. ఆ దళాల సొంత నివేదికలే సాక్షులు. తీర్పు దాకా బోనులో మిగిలిన 22 మందికీ శిక్ష పడింది. సాక్షి మాట మార్చి హోస్టైల్ అవుతాడు గానీ కాగితం కాదు.

చాద్ దేశంలో హిస్సేన్ హబ్రే 1982 నుంచి 1990 దాకా పాలించి పారిపోయాక, అతని రాజకీయ పోలీసుల పాత కార్యాలయంలో ఫైళ్లు నేల మీద చెల్లాచెదురుగా పదేళ్లకు పైగా పడి ఉన్నాయి. 2001లో మానవ హక్కుల కార్యకర్తలు అనుకోకుండా ఆ గదుల్లోకి అడుగు పెట్టారు. ఆ కాగితాలను లెక్కగట్టి చూస్తే నిర్బంధంలో చనిపోయిన 1,208 మంది పేర్లు, హింసకు గురైన వారు కూడా కలిపి 12,321 మంది పేర్లు తేలాయి. సెనెగల్ రాజధాని డకార్‌లో ప్రత్యేక న్యాయస్థానం 2016 మే 30న అతనికి యావజ్జీవం వేసింది. పాలన ముగిసిన ఇరవై ఆరేళ్ల తరువాత. ఈ మధ్యకాలంలో బాధితులు ఎన్ని వాయిదాలు తిరిగారో మన సివిల్ కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు ఊహించుకోగలరు.

సిరియాలో శవాల ఫోటోలు తీయడమే ఉద్యోగమైన ఒక సైనిక పోలీసు 2013లో దాదాపు 53,000 ఫోటోలతో దేశం దాటాడు. నిర్బంధంలో చనిపోయిన వాళ్ల ప్రతి ఫోటోలోనూ ఖైదీ అంకె, అతన్ని పట్టుకున్న విభాగం అంకె, మరణం నమోదు చేసిన అంకె ఉన్నాయి. నాకు అందులో అన్నిటికన్నా భయంకరంగా అనిపించింది ఆ మూడు అంకెల క్రమశిక్షణే. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టులో డమాస్కస్ నిర్బంధ కేంద్రపు మాజీ కల్నల్ అన్వర్ రస్లాన్‌కు 2022 జనవరి 13న యావజ్జీవ శిక్ష పడిన కేసులో ఆ ఫోటోలు కూడా సాక్ష్యమే. అతను పట్టుబడిన తీరు మరీ విచిత్రం. శరణార్థిగా బెర్లిన్ చేరి, సిరియా గూఢచారులు తనను వెంటాడుతున్నారని 2015లో తానే పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు, ఆ ఫిర్యాదులో తన పాత ఉద్యోగం సంగతి కూడా చెప్పుకున్నాడు.

కాగితం ఉన్నంత మాత్రాన కేసు ఉంటుందనుకోకూడదు. మన ఊరి సంగతే ఉంది. 1948 పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హింస మీద నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ జిల్లాలు తిరిగి, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంటపడలేదు. దానికి ముందు రజాకార్లు ఊళ్ల మీద పడి చేసినవి మా నాయనమ్మ చెప్పగా విన్నాను. అవీ నిజమే, ఇవీ నిజమే. అంతర్జాతీయ చట్టం నిర్వచనం ప్రకారం వీటికి యుద్ధ నేరమన్న పేరు పొసగుతుందా లేదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఒకటే: ఊరి పేరుతో, తేదీతో, అంకెతో సహా రాసిన నివేదిక ఛార్జిషీటు కావాలంటే ఎవరో ఒకరు దాన్ని సొరుగులోంచి తీయాలి.

ఇక జూనియర్ చూపించిన వీడియో దగ్గరికి వస్తాను. ఐ.సి.సి. అనే అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2017 ఆగస్టులో లిబియా కమాండరు మహమూద్ అల్ వెర్ఫల్లి మీద వారంటు జారీ చేసింది. బందీలను మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాల్చిన ఏడు సంఘటనల వీడియోలే దానికి ప్రధాన ఆధారం. కాబట్టి వీడియో పనికిరాదని నేను అనడం లేదు. కానీ ఫోనులో మనకు వచ్చేది వందో చేయి. మొదట ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, మధ్యలో ఎవరు కత్తిరించారు? నీడ పొడవును బట్టి వేళను, వెనక కనిపించే మినారునో నీళ్ల ట్యాంకునో ఉపగ్రహ చిత్రంతో పోల్చి చోటును తేల్చే నిపుణులు ఇప్పుడున్నారు. అలాంటి పరిశోధన ఎలా చేయాలో, మూల ప్రతిని ఎలా భద్రపరచాలో చెప్పే బర్కిలీ ప్రోటోకాల్ 2020లో వచ్చింది. మనకైతే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయవలసిన ధ్రువీకరణ ఉంది: పాత సాక్ష్య చట్టంలో 65బి సర్టిఫికెట్, ఇప్పుడు కొత్త చట్టంలో 63వ సెక్షన్. సీసీటీవీ ఫుటేజీ కళ్లారా చూసిన జడ్జిగారే ఆ సర్టిఫికెట్ లేదని దాన్ని పక్కన పెట్టిన కేసులు నా బీరువాలో రెండున్నాయి. ఆ రెండింట్లోనూ అభ్యంతరం చెప్పింది నేనే. వెర్ఫల్లి 2021లో బెంఘాజీలో హత్యకు గురయ్యాడు. అతని మీద విచారణ ఎన్నడూ జరగలేదు.

సాక్షుల గురించి రాయాలంటే ఇంతకు ఇంత అవుతుంది, కానీ ఒక్క కేసు వదలలేను. రువాండాలో 1994 నరమేధం తరువాత టాబా అనే ప్రాంతపు మేయరు జాన్ పాల్ అకయేసు మీద టాంజానియాలోని అరూషా నగరంలో విచారణ మొదలైనప్పుడు అభియోగ పత్రంలో అత్యాచారాల మాటే లేదు. వేరే విషయం మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక తల్లి, తన ఆరేళ్ల కూతురిని ముగ్గురు పాడు చేశారని చెప్పింది. బెంచి మీద ఉన్న ఏకైక మహిళా న్యాయమూర్తి, దక్షిణాఫ్రికాలో పుట్టిన తమిళ మూలాల నవనీతం పిళ్లై, ఆ సంగతిని వదిలిపెట్టకుండా ప్రశ్నలు అడిగారు. 1997 జూన్‌లో అభియోగాలు మార్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, అత్యాచారం కూడా జాతి నిర్మూలనకు సాధనం కాగలదని ఒక అంతర్జాతీయ న్యాయస్థానం మొదటిసారి చెప్పిన తీర్పు. ఆ తీర్పులో నేను మళ్లీ మళ్లీ చదివే భాగం అనువాదం గురించినది. సాక్షులు కిన్యర్వాండా భాషలో వాడిన నాలుగు వేర్వేరు మాటలను తీసుకుని, వాటిలో ఏది బలవంతాన్ని సూచిస్తుంది, ఏది పడుకోవడమన్న మామూలు మాట, సందర్భాన్ని బట్టి దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అని కోర్టు ఓపికగా పరిశీలించింది. మన కోర్టుల్లో పల్లె నుంచి వచ్చిన స్త్రీ "నన్ను ఖరాబు చేసిండు" అంటుంది, లేదా "చెయ్యి పట్టిండు" అని ఆగిపోతుంది. స్టెనో దాన్ని ఇంగ్లీషులోకి దించేటప్పుడు "చెయ్యి పట్టుకున్నాడు" అన్న అర్థమే వస్తే సెక్షనే మారిపోతుంది. ఆ ఒక్క వాక్యం కోసం నేను లేచి నిలబడి గొంతు పెంచిన రోజులున్నాయి.

సాక్షి భయపడితే ఏమవుతుందో కెన్యా కేసు చెబుతుంది. అది యుద్ధ నేరాల కేసు కాదు, 2007 ఎన్నికల తరువాతి హింసకు సంబంధించి మానవాళిపై నేరాల కేసు. ముద్దాయి ఉహురు కెన్యాటా, విచారణ ఇంకా మొదలు కాకముందే, కేసు నడుస్తుండగానే దేశాధ్యక్షుడయ్యాడు. సాక్షులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. 2014 డిసెంబరులో ప్రాసిక్యూటరే కేసు ఉపసంహరించుకోవలసి వచ్చింది. దీనికి వ్యాఖ్యానం అవసరమైన వకీలు మన రాష్ట్రంలో ఉంటారని నేను అనుకోను.

అన్నీ సమకూరినా మనిషి చేతికి చిక్కాలి. ఐ.సి.సి.కి సొంత పోలీసులు లేరు. యుగోస్లావియా కోర్టు అభియోగాలు మోపిన 161 మందిలో చివరికి ఒక్కరూ పరారీలో మిగలలేదన్నది నిజమే. కానీ బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్ గడ్డం పెంచి, పేరు మార్చుకుని, బెల్‌గ్రేడ్‌లో ప్రకృతి వైద్యుడిగా 2008 దాకా దర్జాగా తిరిగాడు. అతనూ 2011లో చిక్కిన సైన్యాధిపతి మ్లాదిచ్చూ పట్టుబడడానికి, యూరోపియన్ యూనియన్‌లో చేరాలన్న సెర్బియా కోరిక బాగా పనిచేసింది. అలాంటి ఒత్తిడి లేని చోట వారంటు గోడ మీద కాగితమే. పుతిన్ మీద 2023 మార్చిలో వారంటు వచ్చింది. 2024 సెప్టెంబరులో ఐ.సి.సి. సభ్యదేశమైన మంగోలియాకే ఆయన వెళ్లి వచ్చాడు. నెతన్యాహు మీద 2024 నవంబరులో వచ్చిన వారంటు సంగతీ చూస్తూనే ఉన్నాం. గెలిచినవాళ్ల న్యాయం అని, రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో మన దేశపు న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ గారు అందరితో విభేదించి వెయ్యికి పైగా పేజీలు రాశారు. జపాన్ సైనికుల ఘాతుకాలు జరగలేదని మాత్రం ఆయన అనలేదు. ఆ పేజీలను తిరస్కరించేవాళ్లు, ఎత్తి చూపేవాళ్లు ఇద్దరూ ఈ రెండో వాక్యాన్ని మరచిపోతుంటారు.

మన దేశం మాటేమిటని జూనియర్ ఆ రోజే అడిగింది. 1998లో రోమ్‌లో ఐ.సి.సి. ఒప్పందానికి 120 దేశాలు అనుకూలంగా, 7 వ్యతిరేకంగా ఓటు వేస్తే, తటస్థంగా ఉన్న 21లో మనది ఒకటి. నేటికీ మనం సభ్యులం కాము. అందుకే తన దేశంలోని డార్ఫుర్ ప్రాంతంలో జరిగిన నేరాలకు ఐ.సి.సి. వారంటు ఉన్న అప్పటి సుడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ 2015 అక్టోబరులో ఆఫ్రికా దేశాధినేతల సదస్సుకు ఢిల్లీ వచ్చి, విందు తిని, క్షేమంగా వెళ్లాడు. అంతకు ముందు 1971 యుద్ధంలో మన చేతికి చిక్కిన సుమారు 93,000 మంది పాకిస్తానీ బందీల్లో 195 మందిని యుద్ధ నేరాలకు విచారిస్తామని బంగ్లాదేశ్ ప్రకటించి, 1973లో దానికి చట్టం కూడా చేసుకుంది. పాకిస్తాన్, దేశాల మధ్య తగాదాలు వినే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, ఆ తరువాత కేసు వెనక్కి తీసుకుంది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాక ఆ 195 మందీ ఇంటికి వెళ్లిపోయారు. రాజకీయంగా అది వివేకమే కావచ్చు. ఆ కేసుల సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రం ఏ కోర్టులోనూ క్రాస్‌కు నిలబడలేదు.

అయితే మనకూ ఒక చట్టం ఉంది, 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం. మరునాడు జూనియర్ బార్ లైబ్రరీలో వెతికి, అట్ట ఊడిపోతున్న ఒక పాత సంపుటం పట్టుకొచ్చింది. ఒప్పందాల ఘోరమైన ఉల్లంఘనలకు ఆ చట్టంలో మరణ శిక్ష దాకా ఉంది. నాలుగో సెక్షన్ చదివి ఆ అమ్మాయి కుర్చీలో నిటారుగా కూర్చుంది: నేరం దేశం బయట జరిగినా, చేసినవాడు భారతదేశంలో ఎక్కడ కనిపిస్తే అక్కడే ఆ నేరం జరిగినట్టు భావించి విచారించవచ్చు. అంటే ఎక్కడో బందీలను కాల్చిన మనిషి ఏ వైద్యానికో హైదరాబాద్ వచ్చి దొరికితే, ఇక్కడి సెషన్స్ జడ్జి ముందు నిలబెట్టవచ్చు. "మరి బషీర్‌ను?" అంది. దేశాధినేతల రక్షణ సంగతి అటుంచినా, ఘోరమైన ఉల్లంఘన అన్నది దేశాల మధ్య యుద్ధానికి వర్తించే మాట, డార్ఫుర్‌ది అంతర్యుద్ధం, అక్కడే వాదన ఆగుతుందని చెప్పాను. ఒప్పుకోలేదు. పేజీలు తిప్పుతూ పదిహేడో సెక్షన్ దగ్గర ఆగింది. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ ఈ చట్టం కింద కేసు చేపట్టరాదు. రెండుసార్లు చదివి, ఇప్పటిదాకా ఎన్ని ఫిర్యాదులు ఇచ్చారో చూస్తానని కంప్యూటరు వైపు కుర్చీ జరుపుకుంది. నాకు మూడో కోర్టులో పిలుపు వచ్చింది. గంజాయి కేసు, శాంపిల్ సీలు మీద క్రాస్.